ఐర్లాండ్ పాత ఊళ్ళలో ఎక్కడ తినాలి అంటే, ముందు పొద్దున్నే తినండి

ప్రశ్న: అమ్మానాన్నలను తీసుకుని ఐర్లాండ్ వెళ్తున్నాం. చరిత్ర ఉన్న ఊళ్ళు చూడాలని ఉంది. డబ్లిన్‌లో ఉండి రోజుకో ఊరు చూసి రావచ్చా? ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, తాగాలి?

రావచ్చు. కానీ వద్దు. డబ్లిన్‌లో ఏడేళ్ళుగా ఉంటున్నాను, ఇంటికి వచ్చిన చుట్టాలకు నేను చెప్పే మొదటి మాట డబ్లిన్ వదిలి పొమ్మని. హోటల్ గది రేటు చూస్తే గుండె ఆగుతుంది. టెంపుల్ బార్ అనే పబ్బుల పేటలో ఒక పింట్ (అరలీటరు పైచిలుకు) బీరు డబ్బుతో వేరే ఊళ్ళో దాదాపు భోజనమే అయిపోతుంది. పైగా టూర్ బస్సులు సాయంత్రం అయిదింటికి జనాన్ని ఎక్కించుకుని వెనక్కి తెచ్చేస్తాయి. ఆ పాత ఊళ్ళు బాగుండేదే అయిదు తర్వాత.

కిల్కెన్నీ వెళ్ళండి. హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కితే గంటన్నర. ఒక చివర కోట, ఇంకో చివర సెయింట్ కానిస్ చర్చి, మధ్యలో ఉన్నదంతా నడిచి చూసేదే. హోటల్ కాకుండా బీ అండ్ బీ తీసుకోండి. అంటే ఇంటివాళ్ళే గదులు అద్దెకిచ్చి, పొద్దున టిఫిను పెట్టే ఇల్లు. శుక్ర, శనివారాలు మాత్రం వద్దు. దేశంలో పెళ్ళి కుదిరిన వాళ్ళందరూ స్నేహితులను వెంటేసుకుని పార్టీకి ఈ ఊరికే వస్తారు. అమ్మ, బాపు (మా నాన్న) వచ్చినప్పుడు మేం తెలియక శుక్రవారం దిగాం. అర్ధరాత్రి ఒంటిగంటకు మా కిటికీ కింద గులాబీ రంగు పట్టీలు వేసుకున్న పెళ్ళికూతురి బృందం కచేరీ పెట్టింది. అమ్మ లేచి కూర్చుని, "ఇక్కడ పెండ్లి గిట్ల చేస్తరా?" అని అడిగింది.

అదే రాత్రి ఇంకో దెబ్బ కూడా తగిలింది. మావాడికి పదకొండేళ్ళు. ఐరిష్ సంగీతం వినిపిద్దామని పబ్‌కు తీసుకెళ్ళాం. తొమ్మిది కాగానే ఒకాయన వచ్చి మర్యాదగా గడియారం చూపించాడు. పిల్లలు తొమ్మిది తర్వాత బార్‌లో ఉండకూడదని చట్టం, మే నుంచి సెప్టెంబర్ దాకా అయితే పది. మేం వెళ్ళింది ఏప్రిల్‌లో. పాటలు మొదలయ్యేది తొమ్మిదిన్నరకు! చట్టాన్ని తప్పుపట్టను. కానీ పిల్లలతో వచ్చేవాళ్ళకు ఈ సంగతి మేం చూసిన ఒక్క వెబ్‌సైటూ ముందు చెప్పలేదు. వంటగది కూడా అప్పటికే మూసేశారు. చిప్స్ కొనుక్కుని గదికి పోయాం.

ఇక పొద్దున సంగతి. ప్లేటు నిండా వచ్చింది: బేకన్ ముక్కలు (అక్కడ రాషర్స్ అంటారు), సాసేజీలు, గుడ్డు, వేయించిన టమాటా, పుట్టగొడుగులు, పక్కన నల్లగా, గుండ్రంగా రెండు బిళ్ళలు. బ్లాక్ పుడింగ్ అన్నారు. పుడింగ్ అంటే తీపి అనుకుని మా ఆవిడ ఆఖరికి తిందామని పక్కన పెట్టింది. బాపు ఆగలేదు. ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలి, "ఇది మన నల్లనే గదరా!" అన్నాడు.

నల్ల అంటే తెలియని వాళ్ళకు: గడ్డకట్టిన మేక నెత్తురును ఉల్లిగడ్డ, కారం వేసి వేయించేది. మా వరంగల్ వైపు యాట కోసిన రోజు పొద్దున్నే అదే ముందు దిగుతుంది. వీళ్ళది పంది నెత్తురు, కారానికి బదులు ఓట్స్, మిరియాలు. పంది అని చెప్పగానే బాపు నమలడం ఆపాడు. అర నిమిషం ఆలోచించాడు. తర్వాత మా ఆవిడ ప్లేటులోవి కూడా లాక్కున్నాడు. అమ్మకు శనివారం ఒక్కపొద్దు. ఆమె ఏమీ తినడం లేదని ఇంటావిడ కంగారుపడి ఓట్స్ జావ, పండ్లు తెచ్చి పెట్టింది. భాష రాకపోయినా ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు.

కోట కూడా చూశాం. బట్లర్ వంశం 1391లో కొని, ఆరు వందల ఏళ్ళ దాకా పట్టుకుని, చివరికి 1967లో ఊరివాళ్ళ కమిటీకి యాభై పౌండ్లకు ఇచ్చేసింది. "ఇంకింత గుంజితే నలభైకే ఇచ్చెటోడు" అన్నాడు బాపు.

తర్వాతి వారం కార్క్ వెళ్ళాం. అక్కడ 1788 నాటి ఇంగ్లీష్ మార్కెట్ ఉంది. మాంసం కొట్లలో బోటి (పొట్ట, పేగులు), పంది కాళ్ళు, డ్రిషీన్ అనే ఇంకో రకం నెత్తురు వంటకం బహిరంగంగా పెట్టి అమ్ముతారు. కారణం ఉంది. ఒకప్పుడు కార్క్ రేవు నుంచి ఉప్పు వేసిన గొడ్డుమాంసం, వెన్న పీపాలకు పీపాలు బ్రిటిష్ నౌకాదళానికి పోయేవి. మంచి మాంసం ఓడెక్కింది, పేగులు, కాళ్ళు, నెత్తురు ఊళ్ళో మిగిలాయి. మిగిలినదాన్ని వాళ్ళు మార్కెట్ పై అంతస్తు హోటల్లో గర్వంగా వడ్డిస్తారు. మనం హైదరాబాద్‌లో బోటి తినాలంటే మెనూలో వెతుక్కోవాలి, ఆఫీసులో చెప్పుకోవాలంటే గొంతు తగ్గించాలి. నాకు దీని మీద చాలా కోపం ఉంది, ఇక్కడ వద్దులెండి. ఆ బోటి ఆవుది, అందుకని బాపు తినలేదు. కానీ కొట్టు ముందు నిలబడి కత్తి పట్టే తీరును ఇరవై నిమిషాలు చూశాడు.

వాటర్‌ఫర్డ్ 914లో వైకింగులు కట్టిన ఊరు, కిల్కెన్నీ నుంచి రైల్లో అరగంట పైచిలుకు. బ్లా అని పిండి చల్లిన మెత్తటి బన్ను ఉంటుంది. అదీ పొద్దున్నే తినాలి.

తాగడానికి స్మిథిక్స్ అడగండి, రాసినట్టు స్మిత్‌విక్స్ అంటే నవ్వుతారు. 1710లో కిల్కెన్నీలో మొదలైన బ్రూవరీ (బీరు కాచే చోటు) వాళ్ళ ఎర్ర బీరు అది. ఆ బ్రూవరీని 2013లో మూసేసి డబ్లిన్‌కు మార్చేశారు, అది వేరే బాధ. సగం పింట్ కావాలంటే "గ్లాస్" అంటే చాలు. బాపు ఒక గ్లాసుతో గంటన్నర కూర్చుని, కల్లు మండువలో ఉన్నట్టే ఉందన్నాడు.

యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసా ఉంది కదా అని టికెట్లు కొనేయకండి, ఐర్లాండ్‌కు అది చెల్లదు. మా చిన్నాన్న కొడుకు పారిస్ దాకా వచ్చి, అక్కడ విమానం ఎక్కనివ్వలేదని ఫోన్ చేశాడు. బాపు ఫోన్ తీసుకుని వాడికి నల్ల సంగతి అరగంట చెప్పాడు.