పరంజా ఒక్కటేనా, మేస్త్రీ కూడానా?

ప్రశ్న: ఈస్ట్‌లో స్టె11 అనే కైనేజ్ (వేరే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలించే ప్రోటీన్) ఒక్కటే జతకట్టే పనిలోనూ, ఉప్పు ఎక్కువైతే తట్టుకునే పనిలోనూ ఉంటుందని మా సార్ చెప్పారు. మరి అటు కబురు ఇటు పోదా? స్కాఫోల్డ్ ప్రోటీన్ అంటే ఉత్త స్టాండేనా? మనుషుల్లోనూ ఉంటాయా?
- బీఎస్సీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: మంచి చోటే పట్టుకున్నారు. పుస్తకాల్లో బాణాలు వరసగా గీసి వదిలేస్తారు, ఈ చిక్కు వాటిలో కనబడదు.

స్లాబు పోయడం చూసే ఉంటారు. పరంజా మీద మెట్టుకొకరు నిలబడి మాలు నింపిన తట్టను చేతులు మార్చుకుంటూ పైకి పంపుతారు, మన పాలమూరు కూలీలకు కళ్లు మూసుకున్నా వచ్చే పని. పక్క ఇంటికి అదే రోజు స్లాబు పడుతున్నా ఈ తట్ట అటు పోదు, అందుకునే చెయ్యి ఈ పరంజా మీదే ఉంది కాబట్టి. కణంలో ఆ పరంజానే స్కాఫోల్డ్, మెట్టు మీది మనుషులే కైనేజ్‌లు, ఒకటి పక్కదానికి ఫాస్ఫేట్ తగిలించడమే తట్ట అందించడం, అంటే కబురు పంపడం.

ఈస్ట్‌లో ఒక రకం కణం వదిలే ఆల్ఫా ఫ్యాక్టర్ అనే రసాయన సంకేతం రెండో రకానికి తగలగానే స్టె5 అనే స్కాఫోల్డ్ కణం అంచుకు చేరుతుంది. స్టె11, స్టె7, ఫస్3 మూడూ దానికే అంటుకుని ఉంటాయి కాబట్టి కబురు వరసగా ఫస్3కి చేరి జతకట్టే పని మొదలవుతుంది. (స్టె అంటే స్టెరైల్, ఆ జీను పాడైన ఈస్ట్ జతకట్టలేదు కాబట్టి ఆ పేరు.) ఉప్పో చక్కెరో ఎక్కువైతే ఇదే స్టె11 పీబీఎస్2ని పట్టుకుంటుంది, అక్కడి నుంచి హాగ్1 అనే కైనేజ్‌కి కబురు పోతే కణం గ్లిసరాల్ తయారు చేసుకుని నీళ్లు పోకుండా కాపాడుకుంటుంది. పీబీఎస్2 తనే కైనేజ్, తనే స్కాఫోల్డ్. మన కల్లు లొట్టిలో పులియబెట్టేది కూడా ఈ జాతి ఈస్టే, తియ్యటి నీరాలో పడ్డప్పుడు దానికి ఈ దారి బాగా అక్కరకొస్తుంది.

ఇక ఉత్త స్టాండేనా అన్నది. 2003లో అమెరికా శాస్త్రవేత్త వెండెల్ లిమ్ బృందం స్టె5ని, పీబీఎస్2ని కలిపి అతికించి ఒకే స్కాఫోల్డ్ చేసింది. అప్పుడు ఆల్ఫా ఫ్యాక్టర్ తగిలితే జతకట్టడం పోయి హాగ్1 లేచింది, అంటే పరంజా మార్చితే తట్ట దారి మారింది! ఇది చూస్తే స్టాండే అనిపిస్తుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ 2009లో అదే బృందం చూపిన సంగతి నాకు ఇంకా ఇష్టం: స్టె7 పక్కనే ఉన్నా ఫస్3 మీద దానికి సరిగా పట్టు దొరకదు, స్టె5లోని ఒక భాగం ఫస్3ని తగిన తీరుకు తిప్పి పెడితేనే ఫాస్ఫేట్ పడుతుంది. ఫస్3 చుట్టమైన కేఎస్ఎస్1కి ఆ సాయం అక్కర్లేదు, స్టె7 నేరుగా దానికి ఫాస్ఫేట్ పెట్టేస్తుంది. కాబట్టి స్టె5 పరంజానే కాదు, "నువ్వు ఇట్లా తిరుగు, తట్ట అందుకో" అనే మేస్త్రీ కూడా.

మనుషుల్లోనూ ఉన్నాయి. ర్యాఫ్, మెక్, ఎర్క్ అనే కైనేజ్‌ల వరసకు కేఎస్ఆర్ అనే స్కాఫోల్డ్ ఉంది. అయితే ఎక్కువుంటే మంచిదే కదా అనుకోకండి, కేఎస్ఆర్ మోతాదు పెంచుతూ పోతే కబురు ముందు పెరిగి తర్వాత పడిపోతుంది. పది పరంజాలు కట్టి ఒక్కోదాని మీద ఒక్కడినే నిలబెడితే తట్ట ఎవరికి అందిస్తాడు?