ట్రిప్ అయిన ఎంసీసీబీని మళ్లీ వేసే ముందు ఏం చూసుకోవాలి?

మీ రైస్ మిల్లులో 400 ఆంపియర్ల మెయిన్ ఎంసీసీబీ (మోల్డెడ్ కేస్ సర్క్యూట్ బ్రేకర్, అంటే ఫాల్ట్ వస్తే కరెంటును తెంచే పెద్ద స్విచ్) ట్రిప్ అయిందని, లివర్ మధ్యలో నిలిచిపోయి పైకి నెట్టినా పట్టడం లేదని, ఎంతసేపు ఆగి వేయాలో చెప్పమని అడిగారు. లివర్ మధ్యలో ఆగడం బ్రేకర్ లోపం కాదు. ట్రిప్ అయినప్పుడు అది ఆన్‌కూ ఆఫ్‌కూ నడుమ నిలవాలనే తయారు చేస్తారు. దాన్ని ముందు ఆఫ్ వైపు చివరి దాకా, టక్కుమని లోపలి కొక్కెం పట్టే వరకు దించాలి. అప్పుడే పైకి వెళ్తుంది. అలా దించినా కొక్కెం పట్టకపోతే బలం ఉపయోగించకండి. అయితే లివర్ పైకి వెళ్లినంత మాత్రాన లోపల ఉన్న ఫాల్ట్ పోయినట్టు కాదు. ఎంతసేపు ఆగాలన్న దానికంటే, ఎందుకు ట్రిప్ అయిందో తెలిసిందా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఇది నేను చాలా కష్టంగా నేర్చుకున్న విషయం. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక మిల్లులో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌గా చేరిన కొత్తలో, సార్వా ధాన్యం వచ్చే రోజుల్లో, రాత్రి 11 గంటల ప్రాంతంలో 250 ఆంపియర్ల మెయిన్ ట్రిప్ అయింది. బయట లారీలు ఆగి ఉన్నాయన్న తొందరలో నేను ఏమీ చూడకుండా లివర్ దించి వేశాను. వెంటనే మళ్లీ ట్రిప్ అయింది. రెండోసారి వేసినప్పుడు పెద్ద చప్పుడుతో బ్రేకర్ పై భాగం నుంచి మంట బయటికి వచ్చింది. ఇన్‌కమింగ్ టెర్మినళ్ల మధ్య ఉండవలసిన ఫేజ్ బారియర్లను అంతకు ముందెవరో తీసి, తిరిగి పెట్టలేదు. ఆ వేడి వాయువు టెర్మినళ్ల మీదుగా ఫేజుకూ ఫేజుకూ మధ్య ఆర్క్ కొట్టింది. ఆ ఆర్క్ బ్రేకర్‌కు ముందు వైపే పుట్టింది కాబట్టి దాన్ని ఆపడం బ్రేకర్ వల్ల కాలేదు. బయట ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజులు పోయాక గానీ ఆగలేదు. నా కుడి మణికట్టు కాలింది, ముఖం వెంట్రుకవాసిలో తప్పింది. మర్నాడు కేబుల్ ట్రెంచ్ పలకలు ఎత్తి చూస్తే, ఎలివేటర్ మోటారుకు వెళ్లే కేబుల్‌ను ఎలుకలు బెత్తెడు మేర కొరికేశాయి. రెండు కోర్ల రాగి తీగ బయటపడి, కొసలు కరిగి గుండ్రంగా ముద్దలు కట్టి ఉంది. మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు) పెట్టి ఉంటే అరగంటలో ఇది బయటపడేది. బ్రేకర్ మార్చి మిల్లు తిప్పడానికి 3 రోజులు పట్టింది.

అందువల్ల ముందుగా ట్రిప్ స్వభావం కనుక్కోండి. ఎలక్ట్రానిక్ రిలీజ్ (ట్రిప్ చేయించే భాగం) ఉన్న బ్రేకర్ అయితే ఓవర్ లోడా, షార్ట్ సర్క్యూటా, ఎర్త్ ఫాల్టా అన్నది సాధారణంగా దాని మీదే తెలుస్తుంది. థర్మల్ మాగ్నెటిక్ రకంలో ఆ సూచన ఉండదు కాబట్టి పనివాళ్లను అడగాలి. లోడు మీద కొంతసేపు నడిచి, మోటారు మూలిగి ఆగిందంటే, ఎలివేటర్ బూట్‌లో (అడుగు భాగంలో) ధాన్యం చిక్కుకోవడమో ఒక ఫేజు పోవడమో అయి ఉంటుంది. అప్పుడు లోపలి బైమెటల్ (వేడికి వంగి బ్రేకర్‌ను ట్రిప్ చేసే లోహపు పట్టీ) చల్లారడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. మీరు అడిగిన 'ఎంతసేపు' అన్న ప్రశ్న ఈ ఒక్క సందర్భానికే సరిపోతుంది. చప్పుడుతోనో కాలిన వాసనతోనో ఒక్కసారిగా పడిపోతే మాత్రం, ఎంతసేపు ఆగినా ఫాల్ట్ అక్కడే ఉంటుంది.

పరీక్షకు ముందు సరఫరా పూర్తిగా ఆపించి, పైనుంచి లైన్ క్లియర్ (సరఫరా ఆపామన్న అనుమతి) తీసుకుని, తాళం వేసి బోర్డు తగిలించండి. జనరేటర్ వైపు నుంచి కరెంటు రాకుండా దాన్ని కూడా ఆపాలి. చాలామంది దీన్నే మరచిపోతారు. నియాన్ టెస్టర్‌ను నమ్మకండి. మీటరును కరెంటు ఉన్న చోట ఒకసారి చూసి, పని చేసే చోట చూసి, మళ్లీ కరెంటు ఉన్న చోట చూస్తేనే ఆ సున్నా నిజమైన సున్నా అవుతుంది. కెపాసిటర్ ప్యానెల్ ఉంటే కనీసం 5 నిమిషాలు ఆగి, టెర్మినళ్ల మధ్య వోల్టేజీ లేదని కొలిచి చూశాకే చేయి పెట్టండి.

ఆ తర్వాత అన్ని ఫీడర్లనూ (మెయిన్ నుంచి ఒక్కో లోడుకు వెళ్లే లైన్లను) ఆఫ్ చేసి, వీఎఫ్‌డీలు (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌లు), సాఫ్ట్ స్టార్టర్లు, ఎలక్ట్రానిక్ మీటర్ల వైర్లు విప్పి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కొక్క ఫీడర్‌నూ కొలవండి. ఫేజు నుంచి ఎర్త్‌కు కొలిస్తే చాలదు. మా కేబుల్‌లో తగిలింది ఫేజుకూ ఫేజుకూ మధ్య కనుక అది కూడా కొలవాలి. మోటారు వైండింగ్ ద్వారా ఫేజులు కలిసి ఉంటాయి కాబట్టి టెర్మినల్ బాక్స్‌లో విప్పి, కేబుల్‌ను వేరుగా, మోటారును వేరుగా చూడాలి. 1 మెగాఓమ్ కంటే తక్కువ చూపిన దాన్ని వేయనే వేయకూడదు. బాగున్న కేబుల్ పదులు, వందల మెగాఓమ్‌లు చూపిస్తుంది.

ఫాల్ట్ దొరికి సరిచేసిన తర్వాత బ్రేకర్‌ను కూడా చూడాలి. ఐఈసీ 60947-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం బ్రేకర్ మీద ఐసీయూ (Icu, అది తెంచగల గరిష్ఠ షార్ట్ సర్క్యూట్ కరెంటు), ఐసీఎస్ (Ics, తెంచాక కూడా వాడుకలో ఉండగల స్థాయి) అని రెండు విలువలు ఉంటాయి. ఐసీయూ స్థాయి షార్ట్ సర్క్యూట్‌ను తెంచిన బ్రేకర్, ఆ తర్వాత తన పూర్తి రేటింగ్ కరెంటును మోయగలగాలన్న నియమం లేదు. అందుకే భారీ షార్ట్ అయ్యాక మసి, పగులు, రంగు మారిన టెర్మినళ్లు కనబడితే దాన్ని మార్చేయండి. బయటికి బాగానే కనిపించినా, లివర్ ఆన్‌లో పెట్టి మూడు పోల్స్‌లో కాంటాక్ట్ రెసిస్టెన్స్ కొలిపించండి. ఒక పోల్ మిగతా రెండింటికంటే బాగా ఎక్కువ చూపితే అది పనికిరాదు. మూత విప్పి కాంటాక్టులు గీకి శుభ్రం చేయడం మంచిది కాదు. ఫేజ్ బారియర్లు ఉన్నాయో లేదో మాత్రం తప్పక చూడండి.

వేసేటప్పుడు ఫీడర్లన్నీ ఆఫ్‌లో ఉంచి, ప్యానెల్ తలుపు మూసి గట్టిగా బిగించి, కాటన్ దుస్తులు, గ్లవ్స్, ఫేస్ షీల్డ్‌తో రబ్బరు మ్యాట్ మీద తలుపుకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, ముఖం అటు తిప్పుకుని మెయిన్‌ను ఒక్కసారి వేయండి. నిలిస్తే ఫీడర్లను ఒక్కొక్కటిగా ఎక్కించి, ప్రతి దాని దగ్గరా టంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరుతో) మూడు ఫేజుల కరెంటు చూడండి. మెయిన్ మళ్లీ పడిపోతే రెండోసారి ముట్టుకోకుండా లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్‌ను పిలవండి. అంతా నిలిస్తే అరగంట లోడు నడిచాక లగ్గుల (కేబుల్ కొసలను టెర్మినళ్లకు బిగించే తొడుగుల) దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో వేడి కొలిచి, మీ ట్రెంచ్‌లో కేబుల్స్ దూరే రంధ్రాలను ఎలుకలు రాకుండా మూయించండి.