వేడికి పట్టేది తుప్పేనా?

సందేహం: జెట్ ఇంజను బ్లేడ్ల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. విపరీతమైన వేడికి లోహం ఆక్సీకరణం చెందడాన్ని ‘తుప్పు పట్టడం’ అనవచ్చా? దాన్ని అడ్డుకునే కోటింగ్‌ను కళాయి అనాలా, తాపడం అనాలా, పూత అనాలా?

సమాధానం: తుప్పు అనకండి. తుప్పు ఇనుముది. ‘త్రాగు’ తాగు అయినట్టే పాత ‘త్రుప్పు’ ఇప్పటి తుప్పయింది. రాగి బిందెకో ఇత్తడి చెంబుకో పట్టేది చిలుము. కొందరు కిలుము అంటారు. పైగా తుప్పుకి తడి కావాలి. ఇంజనులో నికెల్ మిశ్రలోహపు బ్లేడు దగ్గర వెయ్యి డిగ్రీల సెగ. అక్కడ తేమతో పనిలేకుండా ఆక్సిజన్ నేరుగా లోహంతో కలిసిపోతుంది. ఆక్సీకరణం అనే పాఠ్యపుస్తకాల మాటే ఉంచండి.

ఇంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది. ‘తుప్పు తినేసింది’ అంటాం కదా, ఆ మాట వినగానే నష్టమే తడుతుంది. ఇక్కడ లోహాన్ని కాచేది కూడా ఆక్సైడే! అల్యూమినియం ఆక్సైడ్ సన్నటి, గట్టి పొరగా ఏర్పడి ఆక్సిజన్‌ను లోపలికి పోనివ్వదు. క్రోమియం ఆక్సైడ్ కూడా కాస్తుంది కానీ, వెయ్యి డిగ్రీలు దాటాక కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. మీరు తుప్పు అని మొదలుపెడితే, నాలుగు వాక్యాల తర్వాత ‘తుప్పే తుప్పును ఆపుతుంది’ అని రాయాల్సి వస్తుంది. పాఠకుడికి ఏం అర్థమవుతుంది?

ఇక కోటింగ్. కళాయి వద్దు. అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట, తగరం పూయడానికే వాడతాం. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. తాపడం అంటే గుడి గోపురానికి చేసినట్టు రేకు తొడగడం. అదీ కుదరదు. పూత బాగుంది. వేడిని ఆపే పింగాణీలాంటి జిర్కోనియాను బ్లేడు మీద చిమ్మి పొరలా నిలిపితే అది అచ్చంగా పూతే.

అల్యూమినియం విషయంలో మాత్రం నాకు ‘పట్టించడం’ ఇంకా నచ్చుతుంది. బ్లేడును అల్యూమినియం ఉన్న పొడిలో పాతిపెట్టి గంటల తరబడి కాలుస్తారు. అల్యూమినియం పైపైన కూర్చోదు, బ్లేడు లోపలికి ఇంకుతుంది. తలకు నూనె పట్టించినట్టు, ముక్కలకు మసాలా పట్టించినట్టు. ఆ పొడిలో తరచుగా కలిపేది నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్). మన కళాయివాళ్లు గిన్నె కాల్చి చల్లేదీ అదే!

పొర ఊడిపోవడానికి కొత్త మాట కల్పించకండి. ఇంజను వేడెక్కి చల్లారినప్పుడల్లా లోహం సాగినంతగా, కుంచించుకున్నంతగా ఆక్సైడ్ పొర కదలలేదు. బీటలు వారి రాలుతుంది. గోడకైనా బ్లేడుకైనా అది పెచ్చులూడటమే. ఇంత వేడిని తట్టుకునే ఇలాంటి మిశ్రలోహాలు, అంటే సూపర్ అల్లాయ్‌లు, హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ సంస్థ మిధాని (మిశ్ర ధాతు నిగమ్)లోనే తయారవుతున్నాయి. వాటి గురించి మన ఇంటి మాటల్లో రాయగలగడం నాకు ముఖ్యం.

రాసేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త: ‘ఆక్సీకరణం చెందింది’ అన్నప్పుడు చివర సున్న ఉండాలి. ‘ఆక్సీకరణ నిరోధక పూత’ అన్నప్పుడు సమాసం కాబట్టి ఉండదు.