పఠాన్‌కోట్ వెళ్తున్న మా మేనకోడలికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. పంజాబ్‌లో పాకిస్తాన్ సరిహద్దు పక్కనున్న పఠాన్‌కోట్ దగ్గర ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో నీకు ఉద్యోగం వచ్చిందనీ, పాఠాలతో పాటు హాస్టల్ వార్డెన్ పని కూడా నీదేననీ చెప్పి, "నువ్వైనా వద్దని చెప్పక్కా" అన్నాడు. నేను చెప్పను. మనింట్లో అంత దూరం వెళ్లి పిల్లలకి చదువు చెప్పబోయేది నువ్వే మొదలు. వినగానే గుండె నిండిపోయింది. తర్వాత తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో పోరు జరిగినప్పుడు ఆ ఊరివాళ్లు లైట్లార్పుకుని, పైన డ్రోన్లు తిరుగుతుంటే చీకట్లో కూర్చోవడం టీవీలో చూశాను కదా, అదే కళ్లముందు తిరిగింది. అప్పుడు సరిహద్దు జిల్లాల్లో బళ్లు మూసేశారు. కానీ బడి మూసినంత మాత్రాన హాస్టల్ పిల్లలు ఆ పూటే ఇళ్లకి చేరిపోరమ్మా. వాళ్లని తీసుకెళ్లేవాళ్లు వచ్చేదాకా గడవాల్సిన రాత్రులుంటాయి. నా భయమంతా వాటి గురించే.

మామూలు జాగ్రత్తలు అక్కడివాళ్లే చెప్తారు. కిటికీలకి మందపాటి కర్టెన్లు, గదికో టార్చి, సైరన్ మోగితే ఎటు వెళ్లాలో ముందే ఒకసారి నడిపించి చూపించడం. తల్లిదండ్రుల నంబర్లు మాత్రం ఫోన్లో ఉన్నాయి కదా అనుకోకు, కాగితం మీద రాసిపెట్టుకో.

బాత్రూముల సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చిన 1971 డిసెంబరులో నేను విశాఖపట్నంలో హైస్కూలు హాస్టల్లో ఉన్నాను. మరుగుదొడ్లు పెరటి చివర ఉండేవి. బ్లాకౌట్ అని రాత్రిళ్లు దీపాలన్నీ ఆర్పించాక ఆ చీకట్లో అంత దూరం పోలేక పిల్లలు సాయంత్రం నుంచే మంచినీళ్లు మానేశారు. కొందరికి మూత్రంలో మంట, జ్వరాలు. నెలసరి వచ్చినవాళ్ల అవస్థ చెప్పుకోడానికి కూడా మనిషి లేదు. నువ్వు వెళ్లగానే ఒక బాత్రూముకి వెలుతురు బయటికి పొక్కకుండా వెంటిలేటర్ మూయించి, లోపల చిన్న బల్బు వేయించు. ప్యాడ్లు బీరువాలో పెట్టి తాళం వెయ్యకు. అడగక్కర్లేకుండా తీసుకునేచోట ఉంచు.

ఇక అసలు సంగతి. మా హాస్టల్లో పెద్దవాళ్లు చేసిన తప్పు ఇన్నేళ్లయినా నేను మరిచిపోలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. పిల్లలు భయపడతారని ఏదీ చెప్పకూడదనుకున్నారు. యుద్ధం రావచ్చని ఊరిని అప్రమత్తం చేసినప్పటి నుంచి ఇళ్ల నుంచి వచ్చే పోస్టుకార్డులు కూడా మాకిచ్చేవాళ్లు కాదు. చదివి ఏడుస్తున్నారని ఆఫీసు సొరుగులో పడేసేవాళ్లు. ఆటస్థలంలో మాత్రం కందకాలు తవ్వించారు. అవెందుకో చెప్పలేదు.

డిసెంబరు 3 శుక్రవారం సాయంత్రం యుద్ధం మొదలైంది. ఆ అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద శబ్దం. కిటికీ అద్దాలు గడగడలాడాయి. అందరం మంచాల మీద లేచి కూర్చున్నాం. హాస్టల్ చూసుకునే మేట్రన్ తలుపు దగ్గరికొచ్చి, "ఏం లేదు, ఉరుము. పడుకోండి" అని వెళ్లిపోయింది. కిటికీకి అంటించిన నల్ల కాగితం కొస పైకెత్తి చూస్తే ఆకాశం నిండా చుక్కలు. ఇంక ఎవరికి నిద్ర పడుతుంది చెప్పు? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేసినప్పుడు ఊరు వదిలి పారిపోయిన కథలు మా అమ్మమ్మలు చెప్పగా విన్నవాళ్లమే అందరం. ఇప్పుడూ అలాగే హార్బరు పోయిందని ఒకళ్లు, రిఫైనరీ అంటుకుందని ఇంకొకళ్లు.

నా పక్క మంచం పిల్ల తండ్రి పోర్టులో పనిచేసేవాడు. ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. తెల్లారగట్ల మెలకువ వచ్చేసరికి మంచం ఖాళీ. నాన్న బతికున్నాడో లేదో చూసుకోడానికి ఆ చీకట్లో ఒక్కతే వెనక గోడ వైపు పరుగెత్తి కందకంలో పడింది. తొడ ఎముక విరిగింది. శబ్దం వచ్చాక ఎవరైనా వచ్చి పిల్లల్ని లెక్కపెట్టుకుని, ఒక్క నిమిషం కూర్చుని ఉంటే వెళ్లేది కాదు. పొద్దున హాజరు పట్టీ తీసేదాకా ఎవరూ వెతకలేదు. అప్పటిదాకా ఆ కందకంలో మంచుకి తడిసిపోతూ పడుంది, నోట్లో ఓణీ కుక్కుకుని. అరిస్తే తిడతారని.

తండ్రి రాసిన కార్డు శుక్రవారం మధ్యాహ్నమే వచ్చి ఆఫీసు సొరుగులో ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడు అడ్రసు కోసం వెతికితే దొరికింది. "అమ్మనీ తమ్ముళ్లనీ చోడవరం పంపించేశాను. ఇంటికి తాళం. నాకు నైట్ డ్యూటీ. నువ్వు హాస్టల్లోనే ఉండు, శనివారం పొద్దున్నే వస్తాను." అన్నట్టే వచ్చాడు పాపం, చేతిలో జంతికల డబ్బాతో. ఆ పిల్లకి కాలు పొట్టిదైపోయింది. ఆ ఏడు పరీక్ష కూడా రాయలేదు.

ఆ శబ్దం పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలి మునిగిపోయినదని మాకు తర్వాత తెలిసింది. ప్రభుత్వం 9వ తేదీన ప్రకటించింది. అందులో తొంభైమందికి పైగా ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు. ఆ రాత్రి మేట్రన్‌కి కూడా అదేమిటో తెలీదు. "నాకూ తెలీదర్రా, తెలియగానే చెప్తాను, అందాకా ఇక్కడే కూర్చుంటాను" అంటే సరిపోయేది. పిల్లలు ఆ మాటకి ఊరుకుంటారు. నేను చూశాను.

కార్గిల్ అప్పుడు హాస్టల్ నా చేతిలో ఉండేది. నాన్నలు సైన్యంలో ఉన్న పిల్లలుండేవాళ్లు. ఉత్తరం ఏదొచ్చినా వాళ్ల చేతికే ఇచ్చి పక్కన కూర్చునేదాన్ని. పొద్దున్నే రేడియో వార్తలు అందరితో కలిసి వినేదాన్ని. ఏడ్చారు, నిజమే. ఏడ్చాక వచ్చి అన్నం తిన్నారు.

నీ కాలంలో గోల వేరు. ఆ మేలో ఎక్కడివో పాత వీడియోలు, ఇప్పుడే బాంబు పడిందని ఫోన్లలో ఎన్ని తిరిగాయో నువ్వూ చూశావు. పెద్ద పిల్లల దగ్గర ఫోన్లు దాగి ఉంటాయి, లాక్కుంటే ఇంకా లోపలికి దాస్తారు. రోజుకో వేళ పెట్టుకుని, నీకు తెలిసింది తెలిసినట్టు చెప్పు. ఏ శబ్దం విన్నా ముందు తలలు లెక్కపెట్టు. తర్వాతే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చెయ్యి. తిడితే తిట్టనీ.

ఇంకోటి. నీకు టెన్షన్ వస్తే తిండి మానేసే అలవాటుంది. ఇంటర్ పరీక్షలప్పుడు మీ అమ్మని ఎంత ఏడిపించావో నాకు గుర్తే. అక్కడ నువ్వు కంచం పక్కన పెడితే హాస్టల్ మొత్తం పక్కన పెడుతుంది. వాళ్లతో పాటే కూర్చుని రొట్టెలు తిను. పచ్చళ్లు, కారప్పొడులు, రెండు ఉన్ని శాలువాలు సర్దుతున్నాను, బరువని వదిలేసి వెళ్లావంటే ఊరుకోను. చేరగానే నీ నంబరు కాక స్కూలు నంబరు, మరో టీచరమ్మ నంబరు కూడా పంపు. మీ నాన్నతో నేను మాట్లాడతాలే.

మీ అత్త