టేబుల్ టెన్నిస్‌లో సర్వీస్‌తో పాయింట్లు రావాలంటే ఏం చేయాలి?

“ఎంత ఫాస్ట్‌గా సర్వీస్ వేసినా అవతలివాళ్లు తిరిగి కొట్టేస్తున్నారు, బ్యాట్‌కి ఖరీదైన రబ్బర్ వేయిస్తే లాభం ఉంటుందా” అని అడిగారు. ఉండదు. క్లబ్ స్థాయిలో రబ్బర్ వల్ల మ్యాచ్ గెలిచినవాణ్ణి నేను చూడలేదు. పొడవుగా, వేగంగా వచ్చే బంతి కాస్త ఆట వచ్చినవాడికి వడ్డించిన విస్తరే. వదిలేస్తే అవతలి సగంలోనే రెండోసారి పడే చిన్న సర్వీస్ నేర్చుకోండి. దాన్ని బలంగా కొట్టడానికి చోటు దొరకదు.

మా కాలనీ క్లబ్‌లో రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన ఆడేవారు. మోకాళ్ల నొప్పుల వల్ల పక్కకి రెండడుగులు వేయడమే కష్టం. ఒక సంక్రాంతి టోర్నమెంట్‌లో ఆయనకి మంచి ఫోర్‌హ్యాండ్ ఉన్న ఇంజినీరింగ్ కుర్రాడు తగిలాడు. పెద్దాయన ప్రతి సర్వీస్ కుర్రాడి బ్యాక్‌హ్యాండ్ వైపు, నెట్ దగ్గరే పడేలా వేశారు. మొదటి బంతిని కుర్రాడు మామూలుగా ఆడాడు, నెట్‌కి తగిలింది. కట్, అంటే బంతి వెనక్కి తిరిగే స్పిన్, ఎక్కువగా ఉందనుకుని రెండోదాన్ని కింద నుంచి తోశాడు. అందులో కట్ లేదు. బంతి గాల్లోకి లేచింది, ఆయన నిలబడ్డచోటనే కొట్టేశారు. మ్యాచ్ అంతా ఇదే తంతు. అయ్యాక కుర్రాడు “ఏం వేస్తున్నారంకుల్, అర్థమే కావట్లేదు” అన్నాడు. ఆయన బ్యాట్ చూపించి, “కొసకి సన్నగా రాస్తే కట్ వస్తుంది బాబూ. పిడి దగ్గర కాస్త నిండుగా తగిలిస్తే ఖాళీ బంతి. చెయ్యి మాత్రం రెండిటికీ ఒకేలా తిరగాలి” అన్నారు. నా దృష్టిలో సర్వీస్ అంటే అంతే.

అసలు కోచింగ్‌లోనే దీన్ని పట్టించుకోరు. గంటసేపు ఫోర్‌హ్యాండ్ కొట్టించి, ఇంటికి వెళ్లే ముందు నాలుగు సర్వీసులు వేయిస్తారు. 2001లో గేమ్ 21 నుంచి 11 పాయింట్లకు తగ్గింది, వరసగా ఐదు సర్వీసులు వేసే చోట రెండే మిగిలాయి. ఇప్పుడు ఒక్కటి పాడుచేసుకున్నా నష్టమే కదా!

సర్వీస్‌కి బంతి ఎగరేసే టాస్ సంగతి ఇంకా బాధ. బంతిని తెరిచిన అరచేతిలో ఉంచి, అక్కడి నుంచి కనీసం 16 సెంటీమీటర్లు, అంటే నెట్ ఎత్తు కంటే కొంచెం ఎక్కువగా, నిటారుగా ఎగరేసి, దిగేటప్పుడు కొట్టాలి. 2002 నుంచి చేతితోగానీ భుజంతోగానీ దాచకూడదు కూడా. 2012 లండన్ ఒలింపిక్స్ ఫైనల్లో చైనా స్టార్ డింగ్ నింగ్ అంతటి ఆవిడకే సర్వీస్ ఫాల్ట్ ఇచ్చి పాయింట్లు తీసేశారు. మన లోకల్ టోర్నమెంట్లలో పిల్లలు చేతిలోంచే బంతి కొట్టేస్తున్నా అంపైర్ స్కోరు చెబుతూ కూర్చుంటాడు. ఆ పిల్లలు రాష్ట్ర పోటీలకి వెళ్లగానే ఫాల్టులు పడి, టెన్షన్‌తో మిగతా ఆట కూడా పోగొట్టుకుంటారు.

మీరైతే ఒంటరిగా, డబ్బా నిండా బంతులు పెట్టుకుని మొదలుపెట్టండి. కింది మూడు వేళ్లు వదులు చేసి, బొటనవేలు, చూపుడువేలు మధ్య బ్యాట్ పట్టుకోండి. అప్పుడే మణికట్టు ఆడుతుంది. బంతి అవతల పడి నెట్ వైపు వెనక్కి దొర్లడం మొదలైతే కట్ వచ్చినట్టే. అదే ఊపుతో ఖాళీ బంతి వేయడం ఆ తర్వాత పట్టుకోండి.