డబ్బులిచ్చింది వ్యాపారి, రాసింది మీరు: కోడ్ ఎవరిది?

ప్రశ్న: మాది హనుమకొండ, బీటెక్ ఆఖరి సంవత్సరం. ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తిదారుకు మిర్చి తూకం, కమీషన్, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకపు చీటీలు) చూసుకునే సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. 40 వేలు పూర్తిగా ఇచ్చారు, కాగితం రాసుకోలేదు. ఇప్పుడు ఖమ్మం వ్యాపారి ఒకరు అలాంటిదే అడుగుతున్నారు. మొదటాయనేమో ‘పైసలిచ్చిన, కోడ్ నాది, ఇంకెవరికీ ఇయ్యొద్దు’ అంటున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వొచ్చు, కానీ ఉన్నదున్నట్టు కాపీ చేసి కాదు.

1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనల్లోనే కలిపింది. 17వ సెక్షన్ ప్రకారం రాసినవారే తొలి హక్కుదారు. జీతానికి పనిచేస్తూ ఆ ఉద్యోగంలో భాగంగా రాస్తే హక్కు కంపెనీది. మీరు ఆయన దగ్గర ఉద్యోగి కారు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు హక్కు తీయించుకున్నవారిదే అని అదే సెక్షన్ చెబుతుంది గానీ, ఆ జాబితాలో సాఫ్ట్‌వేర్ లేదు. హక్కు ఆయనకు పోవాలంటే మీరు సంతకం చేసిన రాత ఉండాలని 19వ సెక్షన్ నియమం. పూర్తిగా చెల్లించినట్టు బిల్లున్నా అది హక్కుల బదిలీ కాదు.

అయితే ఇంకెవరికీ ఇవ్వనని ముందే మాటిచ్చారా? వాట్సాప్‌లో ఒప్పుకున్నారేమో వెతికి చూసుకోండి. ఒప్పుకుని ఉంటే, కాపీరైట్ మీదే అయినా మాట తప్పారని ఆయన దావా వేయొచ్చు. ఇంకో సంగతి, స్నేహితుడు కలిసి రాశాడా? అతనికీ వాటా ఉంటుంది, అతని సమ్మతి లేకుండా అమ్మకండి.

మీరిచ్చిన సాఫ్ట్‌వేర్‌ను మొదటి వ్యాపారి వాడుకుంటారు, దాన్ని మీరు ఆపలేరు. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, దుకాణం లోగో, నమ్మి మీకు చెప్పిన లెక్కల పద్ధతి ఆయనవి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్‌లో దాచి ఉంటే, ఫైల్ తీసేసినా దాని చరిత్రలో పాత డేటా, పాస్‌వర్డులు అలాగే ఉంటాయి. అందుకే ఖమ్మం పనికి పాత రెపోను (గిట్‌లో కోడ్ దాచే చోటును) చరిత్రతో సహా కాపీ చేయకుండా కొత్తది తెరవండి. లాగిన్, బిల్లు ప్రింటు, బ్యాకప్ వంటి సాధారణ భాగాలే తెచ్చుకోండి. పాత రెపోను మాత్రం చెరపకండి, ఎవరు ఎప్పుడు ఏం రాశారో చూపే ఆధారం అదే. ఇతరులు రాసి అందరికీ అందుబాటులో పెట్టిన ఓపెన్ సోర్స్ లైబ్రరీలు వాడితే, వాటి లైసెన్సులూ చదవండి. అలాంటి లైసెన్సుల్లో ఒకటైన జీపీఎల్ కింద ఉన్న కోడ్ కలిపి ఇస్తే, మీరు రాసిన సోర్సు కోడ్ కూడా ఇవ్వాల్సి వస్తుంది.

ఖమ్మం ఆయనతో పని మొదలుపెట్టకముందే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. వాడుకునే అనుమతికి ఒక ధర, పూర్తి హక్కుకు అంతకన్నా బాగా ఎక్కువ ధర చెప్పండి. హక్కు ఇస్తే ఏ పని, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత సొమ్ము అన్నవి రాయాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్కగడుతుంది. చివరి వాయిదా ముట్టాకే హక్కు మారుతుందని, సాధారణ భాగాలు మీ దగ్గరే ఉంటాయని స్పష్టంగా పెట్టండి.

క్యాంపస్ ఉద్యోగం వస్తే, చేరేముందు సంతకం చేసే పత్రాల్లో మీ పాత పనుల వివరం అడిగే చోటు ఉందేమో చూడండి. ఉంటే, ఇది ఆ ఉద్యోగంలో భాగంగా రాసింది కాదని తేలేలా ఈ సాఫ్ట్‌వేర్ పేరు, తేదీలు అక్కడ రాయండి. లేకపోతే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి, వారి జవాబు దాచుకోండి.