మూడు షాట్లు ఒకే రంధ్రంలో పడితే ఆ లోడ్‌నే ఖాయం చేసుకోవచ్చా?

రైఫిల్ తూటాలు సొంతంగా నింపుకునే మీరు, ఒక చార్జ్‌కి (తూటాలో పోసే పౌడర్ మోతాదుకి) మూడు షాట్లూ ఒకే రంధ్రంలో పడ్డాయి, 0.2 గ్రెయిన్లు (పౌడర్ తూచే చిన్న కొలత) పెంచగానే చెదిరిపోయాయి, మొదటిదాన్నే ఖాయం చేసుకోనా అని అడిగారు. నేనైతే చేసుకోను. మూడు షాట్లు అదృష్టం కొద్దీ కూడా దగ్గరగా పడతాయి. అదే లోడ్‌తో (పౌడర్, బుల్లెట్, ఇత్తడి కేసు కలిసిన అదే కూర్పుతో) మళ్లీ కాలిస్తే గ్రూప్, అంటే టార్గెట్ మీద షాట్లు పరుచుకున్న వెడల్పు, రెట్టింపు కావడం మామూలే. ఒకవేళ మీరు చూసింది నిజమే అయినా, 0.2 గ్రెయిన్ల తేడాకే పాడయ్యే లోడ్ కత్తి మీద సామే.

నేను గ్రూప్ ఎంత చిన్నదన్న దాని కన్నా దాని మధ్యబిందువు ఎక్కడ పడిందో ముందు చూస్తాను. పక్కపక్కనున్న మూడు నాలుగు చార్జ్‌లు టార్గెట్ మీద ఒకే ఎత్తులో పడుతుంటే, వాటిలో మధ్యది తీసుకుంటాను. క్రెయిటన్ ఆడెట్ అనే షూటర్ పేరున్న నిచ్చెన పరీక్ష (చార్జ్ కొద్దికొద్దిగా పెంచుతూ కాల్చి చూడటం) వెనకున్న ఆలోచన కూడా ఇలాంటిదే. కాకపోతే ఒక్కో చార్జ్‌కి ఒక్క షాటే కాల్చి తేల్చేస్తే లేని సారూప్యం కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. మళ్లీ కాల్చి చూడాల్సిందే.

కాల్చే వరస కూడా ముఖ్యం. ఒక్కో చార్జ్‌కి ఒక్కో టార్గెట్ పెట్టి, మొదటిదాని మీద ఒకటి, రెండోదాని మీద ఒకటి, అలా చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి వస్తాను. బ్యారెల్ వేడి, లోపల పేరుకునే మసి, నా భుజం అలసట అన్ని లోడ్లకీ సమానంగా పడతాయి. లేకపోతే ఆఖరి చార్జ్‌కి అన్యాయం జరుగుతుంది.

బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ తప్పకుండా పెట్టండి. వేగంలో తేడాలు 100 గజాల్లో దాదాపు కనిపించవు. 6.5 క్రీడ్‌మూర్ లాంటి రైఫిల్ తూటాలో సెకనుకు 50 అడుగుల తేడా ఉంటే 1000 గజాల దగ్గర బుల్లెట్ దాదాపు అడుగు పైకో కిందకో పోతుంది. దగ్గర్లో నవ్వించి దూరంలో ఏడిపించే లోడ్లు ఇవే.

సీటింగ్ లోతుకీ (బుల్లెట్‌ని కేసులోకి ఎంత దించుతామో దానికీ) ఇదే లెక్క. బ్యారెల్ అరిగేకొద్దీ రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలికల గాడులు) మొదలయ్యే చోటు ముందుకు జరుగుతుంది, దాన్ని తాకేలోపు బుల్లెట్ దూకే దూరం పెరుగుతుంది. ఇవాళ ఒక్క కొలత దగ్గరే బాగున్నది కొన్ని వందల షాట్ల తర్వాత బాగుండకపోవచ్చు. అందుకే అటూ ఇటూ కాస్త జరిపినా గ్రూప్ చెదరని లోతు వెతకండి. నెక్ టెన్షన్ (కేసు మెడ బుల్లెట్‌ని పట్టి ఉంచే బిగువు) గురించి వాదించడానికి ముందు కేసులన్నీ ఒకే లాట్‌వి, ఒక్కోటీ అన్నేసి సార్లే కాల్చినవి అయ్యేలా చూసుకోండి, సగం తలనొప్పి తగ్గుతుంది.

ఎండలోనూ చలిలోనూ కాలుస్తారు కాబట్టి ఉష్ణోగ్రతకి పెద్దగా మారని పౌడర్ ఎంచుకోండి. చల్లని పొద్దుట సరిపోయిన చార్జ్ మండుటెండలో బోల్ట్ పిడి ఎత్తడం కష్టమయ్యేలా, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి నెట్టే భాగం) గుర్తు పడేలా చేయొచ్చు. అవి లోపల ప్రెషర్ మరీ ఎక్కువైందనడానికి గుర్తులు; కనిపిస్తే అక్కడితో ఆగి, చార్జ్ తగ్గించాల్సిందే, గ్రూప్ ఎంత అందంగా ఉన్నా సరే. మొదలుపెట్టడమూ మాన్యువల్ చెప్పిన కనిష్ఠం నుంచే. పౌడర్ డబ్బా లాట్ మారినా కాస్త తగ్గించి మళ్లీ పైకి రండి.

ఇప్పటికి మీ రెండు చార్జ్‌లనీ, మధ్యలో ఇంకోదాన్నీ కలిపి ఒక్కోదానికి పది చొప్పున పైన చెప్పిన వరసలో కాల్చండి. మూడూ ఒకేలా వస్తే ఇక్కడ మాత్రం మధ్యది కాకుండా తక్కువ చార్జ్ ఉన్నదే తీసుకోండి, ఎండాకాలానికి అంత జాగా మిగులుతుంది.